గడ్డికి కట్టిన పంజరం

వెల్డా ప్రూయిట్ చేతిలో లెట్యూస్ ఆకుకూర దుబ్బు ఉంది. నీళ్ళలోకి విసరమన్నారు. చెయ్యి లేవడం లేదు.

కరెంటు ప్లాంటు వదిలే వెచ్చటి నీళ్ళు నదిలో కలిసే చోట మనాటీలనే భారీ నీటిజంతువులు వందలకొద్దీ ఒకదాన్నొకటి ఆనుకుని పడి ఉన్నాయి. పైనుంచి చూస్తే బూడిదరంగు బండరాళ్ళు ఊపిరి పీలుస్తున్నట్టుంది. జనవరి చలికి వాటికి ఆ వెచ్చదనం తప్ప దిక్కు లేదు. వెచ్చదనమైతే ఉంది గానీ తినడానికి గడ్డిపోచ లేదు. అందరూ నది అనే ఆ ఉప్పునీటి సరస్సు అడుగున మైళ్ళ పొడవునా పరుచుకుని ఉండే గడ్డి పదేళ్ళలో కుళ్ళి మాయమైంది. కిందటి చలికాలం ఆకలికి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనాటీలను ఎక్కడ పడెయ్యాలో తెలియక అధికారులు తలలు పట్టుకున్నారు. అందుకే ఈ ఏడాది లారీల్లో లెట్యూస్ తెప్పించి వేస్తున్నారు.

"మిస్ వెల్డా, కాస్త దూరంగా విసరండి," అన్నాడు పక్కనున్న ఉద్యోగి. "మనుషులు పెడుతున్నారని వాటికి తెలియకూడదు."

"ఇంతమందిమి వరసగా నించుని విసురుతుంటే తెలియకుండా ఎట్లా ఉంటుంది నాయనా?"

అతను నవ్వాడు. "నన్నడక్కండి. నాకిచ్చిన కాయితంలో అలాగే ఉంది."

వెల్డాకు నవ్వు రాలేదు. అరవై మూడేళ్ళ మనిషి. అందులో ఇరవై రెండేళ్ళు ఊరి వంతెన మీది గదిలో కూర్చుని, పడవలొస్తే వంతెన పైకి లేపి, అవి వెళ్ళాక దించుతూ బతికింది. ఆ కిటికీలోంచి మనాటీలను చూసీ చూసీ వాటి మీద మనసు పడింది. సెలవు రోజుల్లో బడుల చుట్టూ తిరిగి పిల్లలకు చెప్పేది: తిండి పెట్టకండి, గొట్టంతో నీళ్ళు పట్టకండి, ముట్టుకోకండి; అలవాటు చేస్తే మనుషుల దగ్గరకొస్తాయి, మనుషుల దగ్గరకొస్తే పడవల కింద పడతాయి. చట్టమూ అదే చెబుతుంది. నిద్రలో లేపి అడిగినా ఆ మాటలు వరసగా అప్పజెప్పగలదు. ఇప్పుడు ఆ చట్టం చేసినవాళ్ళే చేతిలో లెట్యూస్ పెట్టి విసరమంటున్నారు.

ఇది తప్పని ఆమెకు అనిపించలేదు. చచ్చిపోతున్నవాటికి పెట్టడం తప్పెలా అవుతుంది? కానీ ఒప్పని కూడా మనసు ఒప్పుకోలేదు. ఏదో ఒకటి అనిపించి ఉంటే బాగుండేది. చేతిలోని దుబ్బును మళ్ళీ పెట్టెలో పెట్టి, "భుజం పట్టేసింది," అని చెప్పి, మిగతా పూటంతా గుడారంలో కూర్చుని అట్టపెట్టెలు విప్పింది.

ఇంటికొచ్చే దారంతా హార్లన్ టీగ్ మొహమే కళ్ళ ముందు ఆడింది.

హార్లన్ పక్కింటి మనిషి. డెబ్బై దాటాయి. పీతలు పట్టి బతికినవాడు. పదకొండేళ్ళ కిందట అతని చెక్కరేవు దగ్గరికి ఒక ఆడ మనాటీ రోజూ వచ్చేది. దానికి డచెస్ అని పేరు పెట్టి, పొద్దునా సాయంత్రం లెట్యూసూ క్యాబేజీ ఆకులూ తినిపించేవాడు. తోట గొట్టంతో మంచినీళ్ళు పట్టేవాడు. అది వెల్లకిలా తిరిగి, పొట్ట చూపిస్తూ తాగేది. వెల్డా రెండుసార్లు చెప్పిచూసింది. "నా రేవు, నా ఆకులు, నా ఇష్టం," అన్నాడు. మూడోసారి ఆమె అతనితో మాట్లాడలేదు, అధికారులకు ఫోన్ చేసింది. హార్లన్ కోర్టు మెట్లెక్కాడు. నలభై గంటలు రోడ్డు పక్క చెత్త ఏరమని జడ్జి శిక్ష వేశాడు. నారింజరంగు కోటు తొడుక్కుని, మేకు కర్ర పట్టుకుని అతను చర్చి ముందు కాయితాలు గుచ్చి ఏరుతుంటే ఊరంతా కార్లు నెమ్మది చేసి మరీ చూసింది. వెల్డా కూడా ఆ దారినే వెళ్ళింది. నెమ్మది చెయ్యలేదు గానీ, చూసింది.

ఆనాటి నుంచి మాటల్లేవు. రెండు రేవులకూ మధ్య ముప్పై అడుగుల నీళ్ళు, నాలుగు మడచెట్లు. తుఫానుకి ఆమె ఇంటి కప్పు రేకులు లేచిపోయినప్పుడు హార్లన్ నిచ్చెన తెచ్చుకుని వచ్చి బిగించి వెళ్ళాడు, ఒక్క మాట లేకుండా. అతని భార్య పోయినప్పుడు వెల్డా కోడికూర వండి గిన్నెతో గుమ్మంలో పెట్టి వచ్చింది, అదీ మాట లేకుండానే. మర్నాటికల్లా కడిగిన గిన్నె ఆమె గుమ్మంలో ఉంది.

వెల్డా రేవు చివర, ఛాతీ లోతు నీళ్ళలో ఒక పంజరం ఉంది. అందులో పెరిగేది గడ్డి. రెండు మంచాలు కలిపినంత వెడల్పు. నాలుగు పక్కలా, పైనా ఇనుప వల. మూలల్లో ఇసుకలోకి దిగ్గొట్టిన కమ్మీలు. ఏడాదిన్నర కిందట మారిసోల్ అనే శాస్త్రవేత్త వచ్చి ఇలాంటివి మూడు కట్టింది. ముప్పై ఏళ్ళైనా నిండని పిల్ల. తొట్టెల్లో పెంచి తెచ్చిన గడ్డి పిలకల్ని మూడు రోజుల పాటు మునిగీ తేలీ ఒక్కొక్కటే నాటింది.

"రెండేళ్ళు దీన్ని ఎవ్వరూ ముట్టకూడదు మిస్ వెల్డా," అంది వెళ్ళేముందు. "వేళ్ళు అల్లుకునేదాకా ఒక్క మనాటీ నోరు పెట్టినా అంతే సంగతులు, వేళ్ళతో సహా లాగేస్తుంది. అల్లుకున్నాక తిన్నా మళ్ళీ చిగురిస్తుంది. అప్పుడు పంజరం తీసేద్దాం. ఇక్కడ్నుంచి అదే పాక్కుంటూ పోతుంది."

రెండు పంజరాల్లో గడ్డి మొదటి వేసవి దాటలేదు. ఏటేటా ముదురుతున్న ఎండలకు నీళ్ళు కాగినట్టై, ఇళ్ళ పచ్చికలకు చల్లిన ఎరువంతా వానకు కొట్టుకొచ్చి, నాచు చెలరేగి నది కాఫీ రంగుకు తిరిగింది. అడుగుకు వెలుతురు అందలేదు. మూడో పంజరం మాత్రం ఎట్లాగో నిలబడింది. ప్రతి గురువారం వెల్డా మునిగి పిలకలు లెక్కపెట్టి మారిసోల్‌కు చెబుతుంది. కిందటి గురువారం లెక్క నాలుగు వందల పన్నెండు.

లెట్యూస్ వేసేచోటికి వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున్న, కాఫీ కప్పుతో రేవు మీదికి నడిచేసరికి పంజరాన్ని ఆనుకుని ఒక మనాటీ ఉంది.

మొదట చచ్చిందనుకుంది. అంతలో ముక్కు పైకొచ్చి బుస్సుమంది. వీపు మీద పాత పడవ పంకా గాట్లు, నాలుగు తెల్లటి గీతలు. మెడ దగ్గర గుంట పడి, ఒకదాని తల తెచ్చి ఇంకోదాని ఒంటికి అతికించినట్టుంది. పక్కలు పీక్కుపోయి చర్మం మడతలు పడింది. ప్లాంటు దగ్గరి వెచ్చటి నీళ్ళు వదిలి ఇంత చలినీళ్ళలోకి ఎందుకొచ్చిందో, దారి ఎవరు చెప్పారో! మూతిని ఇనుప వలకు ఆనించి పెదాలతో తడుముతోంది. వలకు అవతల, జానెడు దూరంలో గడ్డి పచ్చగా ఊగుతోంది.

వెల్డా కప్పు కింద పెట్టి, మనాటీలకు ఆపద వస్తే చెయ్యమని పిల్లలందరికీ నేర్పిన నంబరుకు తానే ఫోన్ చేసింది. అవతల ఒక ఆడపిల్ల అన్నీ రాసుకుంది.

"మా వాళ్ళు ఇంకో చోట ఉన్నారండీ. నాలుగు గంటలైనా పడుతుంది. మీరు కనిపెట్టుకుని ఉండండి. ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు."

"నిన్న నా చేత్తోనే పెట్టమన్నారు కదమ్మా."

"అది అక్కడండీ," అంది ఆ పిల్ల. "ఇక్కడ పెట్టకూడదు," అంది.

తర్వాత మారిసోల్‌కు చేసింది. విషయం వినగానే మారిసోల్ అడిగింది.

"ఎంత చిక్కింది?"

"ఎముకలు లెక్కపెట్టొచ్చు."

"దేవుడా!" అంది మారిసోల్. "మిస్ వెల్డా, గడ్డిని మాత్రం ముట్టనివ్వకండి. ఆ ఒక్కటే మిగిలింది నాకు. అంటే... అది నా మాట కాదు, మా పద్ధతి. కాదులెండి, నా మాటే. నేను బయల్దేరుతున్నా."

వెల్డా రేవు అంచున కూర్చుంది. పది అడుగుల దూరంలో మనాటీ వలను నాకుతోంది. తన పని ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. గడ్డికి కాపలా కూర్చున్నట్టా, మనాటీకి కాపలా కూర్చున్నట్టా?

"ఏమ్మా, అలా ఎంతసేపు చూస్తావు దాన్ని?"

తలెత్తి చూసింది. హార్లన్ తన రేవు మీద నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పదకొండేళ్ళ తర్వాత అతని నోట వచ్చిన మొదటి మాట అది. అతని గొంతు ముసలిదైపోయిందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"తిండి పెట్టొద్దన్నారు," అంది.

"ఎవరు? లారీల్లో తెచ్చి పోస్తున్నవాళ్ళేనా?"

"వాళ్ళే."

"అక్కడ పెడితే సేవ, ఇక్కడ పెడితే నేరం. ఎన్నో మైలు దగ్గర మారుతుందో చెప్పు, వెళ్ళి గీత గీసొస్తా."

వెల్డా అతని వైపు తిరిగింది. "నన్నేం చెయ్యమంటావు?" అంది.

"నేనా? నేను చెత్త ఏరుకునేవాణ్ణి. నాకేం తెలుసు?"

ఆమె మొహం తిప్పుకుంది. హార్లన్ అంతటితో ఊరుకోలేదు. "గడ్డి నాటడం బానే ఉంది గానీ, నీ సెప్టిక్ ట్యాంకు ఎటు కారుతోందో ఎప్పుడన్నా చూశావా?"

"నీదీ అటే కారుతోంది."

"కారుతోంది. నేను గడ్డి నాటలేదుగా!"

నవ్వాలో తిట్టాలో తోచక వెల్డా మళ్ళీ నీళ్ళ వైపు చూసింది. చూసి లేచి నిలబడింది. మనాటీ పంజరం అవతలి పక్కకు జరిగింది. అక్కడ అలల తాకిడికి వల కింద ఇసుక కోసుకుపోయి చిన్న సందు పడింది. మూతి అందులోకి దూర్చి, ముందుకు తోసుకుంది. కుడి పక్క తెడ్డులాంటి చెయ్యి వల కిందకు వెళ్ళింది. వెనక్కి లాక్కుంది. రాలేదు. వంగిన కమ్మీకీ వలకూ మధ్య మెలిపడి ఇరుక్కుంది. ఊపిరి కోసం తల పైకెత్తింది. ముక్కుకూ నీటి మట్టానికీ మధ్య బెత్తెడు ఎడం మిగిలిపోయింది. మళ్ళీ ఎత్తింది. అంతే ఎడం.

వంతెన మీద ఉన్న రోజుల్లో మనాటీల ఊపిరి మధ్య నిమిషాలు లెక్కపెట్టడం వెల్డాకు కాలక్షేపం. మూడు, నాలుగు. కదలకుండా పడుకుంటే పది దాటినా తట్టుకుంటాయి. పెనుగులాడేది అంతసేపు ఆగలేదు.

కోటుతోనే నిచ్చెన దిగింది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చేసరికి చలికి ఊపిరాడలేదు. కొంకర్లు పోతున్న వేళ్ళతో వల పట్టుకుని లాగింది. కదల్లేదు. అది నిలబడాలని మారిసోల్ కట్టింది, నిలబడింది. మనాటీ వీపు ఆమె పొట్టకు తగులుతోంది. ముట్టుకోకూడదు అన్న మాట బుర్రలో ఎక్కడో తిరుగుతూనే ఉంది.

ధబ్బుమని చప్పుడైంది. హార్లన్ రబ్బరు ప్యాంటుతో నీళ్ళలోకి దిగి, మడచెట్ల పక్కనుంచి కుంటుతూ వస్తున్నాడు. చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది.

"ఈ పక్కంతా కొయ్యాలి," అన్నాడు వల తడిమి. "కోస్తే నీ పంజరం ఉండదు."

కొయ్యి అని ఆమె అన్నదో, అనకముందే అతను కోశాడో, తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా వెల్డాకు తేలలేదు. ఠప్ ఠప్ మని తీగలు తెగాయి. అతను మునిగి కోస్తుంటే ఆమె అతని చొక్కా కాలర్ పట్టుకుని నిలబడింది. నాలుగోసారి మునిగి లేచేసరికి కమ్మీ ఒరిగింది. బూడిదరంగు ముక్కు వాళ్ళిద్దరి మధ్య పైకొచ్చి బుస్సుమని గాలి వదిలింది. కుళ్ళిన ఆకుల వాసన. మళ్ళీ పీల్చుకుంది. మళ్ళీ వదిలింది. హార్లన్ దగ్గుతూ నవ్వుతున్నాడు. వెల్డా ఏడుస్తోంది.

మనాటీ కొంతసేపు అలాగే తేలింది. తర్వాత నెమ్మదిగా తిరిగి, తెగిన వల సందులోంచి లోపలికి తల పెట్టింది.

"తోసెయ్యనా?" అన్నాడు హార్లన్. "ఒక్క తోపుకు పక్కకి పోతుంది, బలం లేదు దానికి."

వెల్డా చేతులు దాని పక్కల మీదే ఉన్నాయి. గరుకుగా, చల్లగా ఉంది చర్మం. తోస్తే పోతుంది. నాలుగు వందల పన్నెండు పిలకలు మిగులుతాయి. తొయ్యకపోతే తిండి పెట్టినట్టే. తాను తోస్తున్నదీ కాదు, పెడుతున్నదీ కాదు. నిలబడి ఉంది, అంతే. ఊరికే నిలబడడం కూడా ఒక పని కిందికే వస్తుందా? ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే లోపలినుంచి పటుక్కుమని వేరు తెగిన చప్పుడు, నమిలే చప్పుడు వినిపించాయి. నీళ్ళలో ఆ చప్పుడు కాళ్ళకు తెలిసింది.

"తిననీలే," అని అతనన్నాడు.

"నేనేం అనలేదు."

"అదే, ఏమీ అనకు."

ఇద్దరూ వణుకుతూ వెల్డా రేవు ఎక్కి, దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఆకు ముక్కలు, తెల్లటి వేళ్ళు నీళ్ళ పైకి తేలి, గాలికి హార్లన్ రేవు వైపు కొట్టుకుపోతున్నాయి. హార్లన్ తన ఇంటికెళ్ళి ఉడకబెట్టిన వేరుశనక్కాయల గిన్నె తెచ్చి మధ్యలో పెట్టాడు. ఇద్దరూ తొక్కలు ఒలుస్తూ కూర్చున్నారు.

"ఆ రోజు ఫోన్ చేసింది నేనే," అంది వెల్డా.

"తెలుసు. ఇంకెవరు చేస్తారు?"

"నేను చేసింది తప్పా హార్లన్?"

అతను ఇంకో కాయ ఒలిచాడు. "ఆ శిక్ష అయిపోయిన నెలకి డచెస్ చచ్చిపోయింది, తెలుసా నీకు? పడవలు కట్టే చోట, పంకా కింద పడి. నేను పెట్టడం మానేశాక అది ప్రతి పడవ దగ్గరికీ పోయి మూతి పైకెత్తి అడిగేదంట. అక్కడివాళ్ళు చెప్పారు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఒప్పైపోతావుగా!" అన్నాడు కసిగా. వెంటనే అతని గొంతు మెత్తబడింది. "నేర్పింది నేను. కానీ మానిపించింది నువ్వు. మానకపోతే నా రేవు దగ్గరే ఉండేదేమో, బతికేదేమో. పదకొండేళ్ళుగా ఇదే తిప్పి తిప్పి చూస్తున్నా. ఒక రోజు నీది తప్పు, ఒక రోజు నాది."

"ఇవాళ?"

"ఇవాళ చలేస్తోంది. ఏమీ తోచట్లేదు."

మధ్యాహ్నం దాటాక రక్షణ బృందం వచ్చింది. పదిమంది కలిసి మనాటీని పెద్ద గుడ్డలోకి మళ్ళించి, ఊపిరి బిగబట్టి ఒడ్డుకు లాగి లారీలోకి ఎక్కించారు. డాక్టరమ్మ దాని ఒళ్ళంతా తడిమి, వెల్డాను అడిగింది. "ఏమైనా తిన్నదా?"

"తిన్నది. గడ్డి."

"ఎంత?"

"నాలుగు వందల పన్నెండు పిలకలు."

డాక్టరమ్మ రాయబోయి తలెత్తి చూసింది. వెల్డా ఉండబట్టలేక అడిగింది. "దానికి మంచే జరిగిందా అమ్మా?"

"ఎండిపోయిన కడుపులోకి ఒక్కసారిగా తిండి పడితే కొన్ని తేరుకుంటాయి. కొన్ని ఆ తిండితోనే పోతాయి. రెండూ చూశాను. దీని సంగతి వారం పోతే గానీ చెప్పలేను."

లారీ కదిలిన కాసేపటికే మారిసోల్ కారు వచ్చింది. పలకరింపు కూడా లేకుండా బూట్లు విప్పి నీళ్ళలోకి దిగింది. మునిగింది, లేచింది, మళ్ళీ మునిగింది. పైకొచ్చేసరికి గుప్పిట్లో నల్లటి బురదా, తెగిన రెండు గడ్డివేళ్ళూ ఉన్నాయి. రేవు మీద కూర్చుని వాటిని ఒళ్ళో పెట్టుకుంది. వెల్డా దుప్పటి కప్పింది. హార్లన్ వేరుశనక్కాయల గిన్నె ఆమె వైపు జరిపాడు.

"కోసింది నేను," అంది వెల్డా.

"కోసింది నేను. కటింగ్ ప్లేయర్ నాది," అన్నాడు హార్లన్.

"ఇప్పుడు ఎవరు కోశారని అడగట్లేదు నేను," అంది మారిసోల్. కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. "దీనికో ఫారం ఉంది. ఈ రోజే నింపాలి. గడ్డి పోవడానికి కారణం: తుఫాను, నాచు, పడవ, జంతువు, మనిషి. ఒక్కదానికే టిక్కు పెట్టాలి."

"తిన్నది జంతువేగా," అన్నాడు హార్లన్.

"మేం కొయ్యకపోతే తినేది కాదు," అంది వెల్డా.

"నది నిండా గడ్డి ఉంటే అది ఇక్కడికి వచ్చేదే కాదు. ఆ గడ్డిని చంపింది నాచు. నాచుకు మేత వేసింది మన సెప్టిక్ ట్యాంకులూ, ఈ ఎండలూ," అంది మారిసోల్. "పోనీ ఎండలకు కారణం ఎవరో రాయడానికి ఇందులో చోటు లేదు." ఫోన్ వంక చాలాసేపు చూసి, దేనికీ టిక్కు పెట్టకుండానే జేబులో పెట్టేసుకుంది. "నేను మనాటీల కోసమే గడ్డి నాటుతున్నాను మిస్ వెల్డా. ఆ గడ్డిని ఒక మనాటీ తిన్నదంటే నాకు ఏడుపొస్తోంది. అది చచ్చిపోయి ఉంటే కూడా ఏడ్చేదాన్నే. నాకేమైనా పిచ్చా?"

ఆమె కాయలు ఒలుచుకుని తినసాగింది.

మనాటీ బతికింది. నాలుగు నెలలు తొట్టెలో ఉండి, రెట్టింపు బరువెక్కి, మే నెలలో వదిలినప్పుడు ఆ డాక్టరమ్మే ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు తిన్న గడ్డి వల్ల బతికిందా, తిన్నా బతికిందా అని వెల్డా అడిగింది. డాక్టరమ్మ నవ్వి, "బతికిందండీ," అంది. వెల్డా ఆ కబురు హార్లన్‌కు చెప్పింది. ఇప్పుడు వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకోవడమంటే సగం దెప్పుకోవడమే.

సంబరం రెండు రోజులు కూడా నిలవలేదు. వదిలినచోట గడ్డి ఉందా? మళ్ళీ జనవరి వస్తే అది ఎక్కడికి పోతుంది? చలికాలం లెట్యూస్ వేస్తారో లేదో ఇంకా ఎవరూ చెప్పడం లేదు. బడిపిల్లల దగ్గరికి రమ్మని కబురొస్తే వెల్డా వెళ్ళింది. తిండి పెట్టకండి అని మొదలుపెట్టింది. ముందు వరసలో ఒక పిల్ల చెయ్యెత్తి, "మరి మీవాళ్ళు పెడుతుంటే టీవీలో చూపించారుగా?" అంది. వెల్డా "అవును," అని మాత్రం అంది.

జులై వచ్చేసరికి ఎప్పట్లాగే నీళ్ళు కాగి, నది కాఫీ రంగుకు తిరిగింది. మోచేతి లోతులో పెట్టిన చెయ్యి కనపడదు. ఒక పొద్దున్న హార్లన్ తన రేవు మీదినుంచి కేకేశాడు.

"వెల్డా! ఇటొకసారి రా. మాట్లాడక రా."

ఇంటి కూర కోసం అతను ఇప్పటికీ ఒక పీతల బోను వేస్తాడు. దాన్ని పైకి లాగితే తీగల మధ్య ఒక గడ్డిపోచ ఇరుక్కుని వచ్చింది. సన్నగా, పచ్చగా, చివర తెల్లటి వేరుతో. నాచు కాదది. ముక్క తెగి తేలుతూ వచ్చింది కూడా కాదు. వేరుకు బురద పట్టుకుని ఉంది.

"ఇది నా రేవు కిందది," అన్నాడు హార్లన్ దొంగతనం ఒప్పుకున్నట్టు. "నేనేం నాటలేదు. నీ తోడు."

వెల్డా మారిసోల్‌కు ఫోన్ చేసింది. "ఆ రోజు మనాటీ తెంపిన ముక్కలు అటు కొట్టుకుపోయి నాటుకుని ఉండొచ్చు," అంది మారిసోల్ ఊపిరాడనంత తొందరగా. "కాదు, పాత విత్తనం బురదలో ఉండి ఇప్పుడు మొలిచి ఉండొచ్చు. లేదా ఒక్క పోచే కావచ్చు, మిస్ వెల్డా. చూడకుండా ఏం చెప్పను?"

"నీళ్ళు తేరేది ఎప్పుడు?"

"నవంబరుకేమో. ఈ నాచు కింద అప్పటిదాకా బతికితే చూస్తాం."

నవంబరుదాకా ఆగడం వెల్డా వల్ల కాలేదు. చెప్పులు విడిచి హార్లన్ నిచ్చెన దిగింది. నీళ్ళు స్నానానికి కాచినట్టున్నాయి. ఏమీ కనపడడం లేదు. కాళ్ళతో తడుముతూ ఒక్కొక్క అడుగే వేసింది. బురద, గవ్వ, మళ్ళీ బురద. అయిదో అడుగులో చీలమండకు మెత్తగా ఏదో రాసుకుంది.

"దొరికిందా?" పైనుంచి హార్లన్ వంగి అడిగాడు.

"ఏదో తగిలింది."

"గడ్డేనా?"

"తెలియట్లేదు. నాచు కూడా ఇలాగే ఉంటుంది." ఆమె వేళ్ళతో సుతారంగా తడిమింది. అది పట్టుకున్నట్టే పట్టుకుని జారిపోయింది. అటు పక్క ఇంకొకటి తగిలింది. లేక అదే మళ్ళీ తగిలిందా?

"గడ్డయితే మరి నువ్వు దాని మీదే నించున్నావేమో చూసుకో," అన్నాడు హార్లన్ కంగారుగా. "తొక్కేస్తున్నావే తల్లీ! పక్కకి జరుగు."

"ఎటు జరగను?"

"ఎడమకి. వద్దొద్దు, బోను లేచింది అటునుంచే. కుడికి... అటు సంగతి నాకు తెలీదు."

వెల్డా ఒక చేత్తో రేవు గుంజ పట్టుకుంది. ఏ పక్క గడ్డి ఉందో, ఏ పక్క లేదో తెలియక, ఒక కాలు నీళ్ళలో పైకెత్తి పెట్టుకుని, అలాగే నిలబడింది.